ముప్పై రెండు ఎంసీబీ అడిగితే నేనెందుకు ఇవ్వను

"అమ్మా, ముప్పై రెండు ఎంసీబీ ఒకటియ్యండి."

"ఇప్పుడున్నది ఎంత బావూ?"

"పదారమ్మా. ఆగట్నేదు. పైకేసినప్పుడల్లా ఠక్కున పడిపోతంది."

కాశీబుగ్గలో మా ఎలక్ట్రికల్ కొట్టు పెట్టి పంతొమ్మిదేళ్లయింది. వారానికొకరైనా ఈ మాట అంటూ మెట్లెక్కుతారు. ఎంసీబీ అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడి లైను ఆపేసే స్విచ్చి. పదహారూ ముప్పై రెండూ ఆ హద్దు ఎన్ని ఆంపియర్లో, అంటే ఎంత కరెంటో చెప్పే అంకెలు. ముప్పై రెండుది కొట్లో లేక కాదు, అద్దాల బీరువాలో వరసగా కనబడుతూనే ఉంటుంది. ఆ కుర్రాడికి మాత్రం ఇవ్వలేదు. స్టూలు చూపించి కూర్చోమన్నాను. కొంటానంటే అమ్మదేటి ఈవిడ అన్నట్టు చూశాడు గానీ, కూర్చున్నాడు. నాలుగు ప్రశ్నలడిగాను. ఆ ప్రశ్నలూ వాటి వెనకున్న సంగతీ మీక్కూడా చెప్తాను. రాత్రిపూట ఎంసీబీ పడిపోయి, వైర్‌మన్ ఫోనెత్తనప్పుడు పనికొస్తుంది.

నేను ఐటీఐ చదవలేదు. మా ఆయన వైరింగు మేస్త్రీ. పనిలోంచి ఆయన తెచ్చి పడేసే కాలిన సామాన్లే నా చదువు. గల్లాపెట్టె కింద బిస్కెట్ల రేకు డబ్బాలో దాచాను వాటిని. ఒక పిన్ను చుట్టూ మాడి బొగ్గయిపోయిన త్రీపిన్ ప్లగ్గులు, ఎలక కొరికిన వైరు ముక్కలు, కొన తెగిపోయిన స్క్రూడ్రైవరు, ఎండి అట్టలా అయిపోయిన బల్లి ఒకటి. బల్లి తల మీద పడితే ఏ ఫలమో, భుజం మీద పడితే ఏ ఫలమో పంచాంగంలో రాస్తారు. మెయిన్ స్విచ్చిలో కరెంటు తెచ్చే ఫేజుకీ, వెనక్కి తీసుకుపోయే న్యూట్రల్‌కీ మధ్యన పడితే ఏమవుతుందో రాయలేదు. ఆ ఇంట్లో ఫ్యూజు సరైనదే ఉంది కాబట్టి పోయింది బల్లి ఒక్కటే.

అసలు షార్ట్ అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. మా దగ్గర షాక్ కొట్టినా షార్టే, లోడు ఎక్కువైనా షార్టే, బల్బు మాడినా షార్టే అంటారు. చెరువు కింద సాగుచేసే రైతు వస్తే నేను ఒక్క మాటలో చెప్పేస్తాను: గండి. మదుములోంచి వచ్చిన నీళ్లు బోదెలోంచి మడికి పోవాలి. గట్టుకి గండి పడిందంటే మడికి చుక్క పోదు, ఉన్న నీళ్లన్నీ ఒక్కసారే గండిలోంచి దూకుతాయి. కరెంటు ఫేజు వైరులో వచ్చి, ఇస్త్రీపెట్టె కాయిల్లో పని చేసి, న్యూట్రల్‌లో వెనక్కి పోవాలి. ఆ కాయిలే దానికి అడ్డు. అంతదాకా పోకుండా దారిలోనే ఫేజూ న్యూట్రలూ తగులుకుంటే అది షార్ట్. ఫేజు పోయి ఎర్తుకి తగిలినా ఆ జాతే.

లెక్క చూపిస్తేగానీ నమ్మని వాళ్లకి బిల్లు పుస్తకం వెనక రాసి చూపిస్తాను. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె 230 వోల్టుల మీద సుమారు 4.3 ఆంపియర్లు లాగుతుంది. దాని కాయిలు 53 ఓముల అడ్డు పెడుతుంది. ఇప్పుడు ప్లగ్గు దగ్గరే రెండు వైర్లూ అతుక్కున్నాయనుకోండి. కాయిలు లేదు, మిగిలిన అడ్డల్లా వైరుదే. బోర్డు నుంచి 20 మీటర్ల దూరం, ఒకటిన్నర (చదరపు మిల్లీమీటర్ల లావు) రాగి వైరు, పోనూ రానూ 40 మీటర్లు. మొత్తం కలిపి అర ఓము. 230ని అరతో భాగిస్తే 460 ఆంపియర్లు. బయట లైను అడ్డు కూడా కలుపుకుంటే కాస్త తగ్గుతుంది గానీ, వందల్లోనే ఉంటుంది. వైరులో వేడి కరెంటుతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. వంద రెట్ల కరెంటంటే పదివేల రెట్ల వేడి. మామూలు వైరు మీదుండే పీవీసీ తొడుగు 70 డిగ్రీల వేడికే తయారుచేసింది. లోపలి రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తగిలిన చోట లేచే ఆర్కు వేల డిగ్రీలుంటుంది.

అది ఎంతో తెలియాలంటే డబ్బాలో స్క్రూడ్రైవరు చూడాలి. మా ఆయనదే. పెళ్లైన కొత్తలో ఒక ఇంట్లో ప్లగ్గు బోర్డు విప్పాడు. స్విచ్చి కట్టేశాను కదా అనుకున్నాడు, మెయిన్ కట్టలేదు. ఆ ఇంటికి వైరింగు చేసినవాళ్లు స్విచ్చిని ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద పెట్టారు. స్విచ్చి కట్టినా బోర్డులో ఫేజు బతికే ఉంది. స్క్రూడ్రైవరు జారి రెండిటికీ అడ్డంగా పడింది. దాని కొన కరిగి కారలేదు, లేనే లేదు. గోరంత మేర గాల్లోకి పోయింది. మిగిలిన అంచు ఎలక కొరికినట్టు గుండ్రంగా, నీలం రంగు తిరిగి ఉంటుంది. ఆయన కుడి ముంజేతి మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు ఇప్పటికీ పోలేదు. ఎక్కడ చెయ్యి పెట్టినా ముందు మెయిన్ కట్టి, టెస్టరుతో చూసి, ఆ టెస్టరు పనిచేస్తుందో లేదో ఇంకో బతికున్న పాయింటు మీద చూసి, అప్పుడే ముట్టుకుంటాడు. మీరైతే అసలు విప్పొద్దు. నేను చెప్పబోయేది బోర్డు విప్పకుండా చేసే పనే.

కుర్రాడిని అడిగిన మొదటి ప్రశ్న: పైకెయ్యగానే పడిపోతోందా, కాసేపు ఆగి పడుతోందా?

ఎంసీబీ డబ్బాలో కాపలావాళ్లు ఇద్దరున్నారు. ఒకడు రెండు లోహాలు అతికించిన రేకు. లోడు ఎక్కువై వైరు వేడెక్కుతుంటే వీడూ మెల్లగా వేడెక్కి వంగి, నిమిషాల మీద కొడతాడు. రెండోవాడు చిన్న కాయిలు. కరెంటు ఒక్కసారిగా వందల్లోకి లేస్తే అయస్కాంతమై సెకనులో వందో వంతులో కొడతాడు. అందుకని ఠక్కున పడితే షార్ట్ అనుకోవాలి. గీజరూ ఇస్త్రీపెట్టే కలిపి వేసిన పావుగంటకి పడితే అది లోడు. లోడైతే పెద్ద మందేమీ అక్కర్లేదు, రెండు పెద్ద మిషన్లు ఒక లైను మీద కలిపి వేయకపోతే చాలు.

"ఠక్కునే పడతందమ్మా. కానీ పొద్దున్న పడదు. సాయంత్రం పూటే."

ఆ 'సాయంత్రం పూటే' అన్న మాట దగ్గర నాకు ఆసక్తి పుట్టింది. దాని సంగతి తర్వాత.

రెండో ప్రశ్న: ఈ మధ్య ఇంట్లో కొత్తగా ఏం జరిగింది? ఫొటోకి గోడలో మేకు కొట్టారా? శ్లాబు కారుతోందా? అటక మీద ఎలకలున్నాయా? గోడలో పైపుల్లోంచి పోయే వైరింగు కళ్లకు కనబడదు. స్విచ్చి బోర్డుకి సరిగ్గా పైన మేకు కొట్టడమంటే నేరుగా వైరు మీదే కొట్టడం. మా తీరం ఊళ్ల నుంచి, బారువ, భావనపాడు వైపు నుంచి వచ్చే హోల్డర్లూ ప్లగ్గులూ వేరే రకం. ఉప్పుగాలికి ఇత్తడి పిన్నులకి ఆకుపచ్చ చిలుము పడుతుంది. చిలుము పడితే కాంటాక్టు వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. షార్ట్ కన్నా నాకు ఎక్కువ భయం ఈ లూజ్ కాంటాక్టు. షార్ట్ అరుచుకుంటూ వస్తుంది, ఎంసీబీ వింటుంది. లూజ్ కాంటాక్టు చప్పుడు చెయ్యదు. పోయే కరెంటు మామూలుదే, నాలుగో ఆరో ఆంపియర్లు. కాబట్టి ఎంసీబీకి దీని ఊసే తెలీదు. పోయిందంతా తిరిగొస్తుంది కాబట్టి, కరెంటు దారితప్పి ఎటో పోతే ఆపే ఆర్‌సీసీబీకీ తెలీదు. ఆ వదులు పిన్ను దగ్గర మాత్రం రోజూ కాస్త కాస్త మాడుతూ, తొడుగు మెత్తబడి, ఆఖరికి ఒకరోజు షార్ట్ అవుతుంది. డబ్బాలో ప్లగ్గులన్నీ ఒక పిన్ను దగ్గరే మాడి ఉండేది అందుకే. ప్లగ్గు పీకినప్పుడు పిన్ను వేడిగా తగిలినా, స్విచ్చి వేసినప్పుడు చిటపటలాడినా, బోర్డు మీద గోధుమరంగు మరక కనబడినా, మెషిను బాగా తిరుగుతోంది కదా అని ఊరుకోకండి. ప్లగ్గూ సాకెట్టూ రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని కూడా కాలుస్తుంది.

మూడో ప్రశ్న: అన్నీ పీకేసి వేసి చూశావా? ఎవరూ చూడరు. ఇలా చూడాలి.

ముందు ముక్కుతో చూడండి. మాడు వాసన వచ్చినా, బోర్డు చేతికి వేడిగా తగిలినా, లోపల చిటచిట వినబడినా లివరు జోలికి పోవద్దు. మెయిన్ కట్టేసి వైర్‌మన్‌ని పిలవండి. ఇన్వర్టరుంటే దాన్నీ కట్టాలి. మనం మెయిన్ కట్టగానే అది కరెంటు పోయింది కాబోలనుకుని తన పని మొదలెడుతుంది. ఆ సంగతి చాలామందికి గుర్తుండదు.

అలాంటివేవీ లేవంటే, పడిపోయిన ఎంసీబీ కింద ఏవేవి ఆరిపోయాయో చూసుకుని ఆ స్విచ్చిలన్నీ కట్టండి. ప్లగ్గులు పీకేయండి. ఫోను చార్జరు, దోమల మెషిను, టీవీ వెనక దుమ్ములో ఉండే ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఫ్రిజ్జు, ఒక్కటి కూడా ఉండకూడదు. చేతులు పొడిగా, కాళ్లకి చెప్పులు. ఇప్పుడు లివరుని పూర్తిగా కిందికి నొక్కి, ఆ తర్వాత పైకెయ్యండి. కొన్ని రకాలు పడినప్పుడు సగంలో ఆగుతాయి. కిందికి నొక్కకుండా పైకి తోస్తే పట్టవు. 'ఎంసీబీయే పోయిందమ్మా' అని కొట్టుకొచ్చే వాళ్లలో సగం మందిది ఇదే కథ.

అన్నీ పీకేసినా ఠక్కున పడిందా? లోపం వైరింగులోనో బోర్డులోనో ఉంది. ఇంకోసారి వేసి చూద్దామనుకోకండి. వేసిన ప్రతిసారీ ఆ వందల ఆంపియర్లు గోడలో అదే చోట మళ్లీ పేలుతున్నట్టే. వైర్‌మన్ వచ్చి సీరీస్ బల్బు పెట్టి చూస్తాడు. 100 వాట్ల పాత గుడ్డు బల్బుని లైనుకి వరసలో కలిపితే, షార్ట్ ఉన్నా అర ఆంపియరు దాటనివ్వదు. లోపమున్న లైను మీద బల్బు నిండుగా వెలుగుతుంది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. అందుకే ఆ పాత బల్బులు వైర్‌మన్ల కోసం ఇప్పటికీ నేను దాచి ఉంచుతాను.

పడకుండా నిలబడిందా? అయితే దొంగ మిషన్లలో ఉన్నాడు. ముందు లైట్లు, ఫ్యాన్లు ఒక్కొక్కటే వేయండి. తర్వాత ఒక్కొక్క ప్లగ్గు, స్విచ్చి కట్టి ఉండగా పెట్టి, అప్పుడు స్విచ్చి వేయండి. మధ్యలో ఒక నిమిషం ఆగండి. దేనికి పడితే అదే. దాన్ని పీకి పక్కన పెట్టి మిగతావి వాడుకోవచ్చు.

పడింది వెడల్పుగా ఉండి, మీద టెస్ట్ బటన్ ఉంటే అది ఎక్కువగా ఆర్‌సీసీబీ. అది చూసే లెక్క వేరు. ఫేజులో పోయింది న్యూట్రల్‌లో తిరిగి రాకుండా 30 మిల్లీ ఆంపియర్లు ఎటో పోతున్నా కొట్టేస్తుంది. మనిషి ప్రాణం కాపాడేది అది. ఫేజూ న్యూట్రలూ నేరుగా తగిలితే మాత్రం పోయిందంతా తిరిగొస్తుంది, లెక్క సరిపోతుంది, కదలదు. అందుకని ఒకటుంటే రెండోది దండగ అనుకోకండి. ఆర్‌సీసీబీ పడుతుంటే స్విచ్చి కట్టడం అసలు చాలదు. న్యూట్రల్ వైపు లోపానికి స్విచ్చితో పనిలేదు, ప్లగ్గు పీకాల్సిందే. వానొచ్చినప్పుడే పడుతోందంటే బయటి లైటు, మోటారు, డాబా మీద పాయింటు మొదట చూడండి.

నాలుగో ప్రశ్నకి కుర్రాడి దగ్గర జవాబు లేదు. ఆ లైను వైరు ఎంత లావు?

ముప్పై రెండు ఎందుకివ్వనో ఇక్కడుంది. ఎంసీబీ కాపలా కాసేది మీ మిక్సీకీ టీవీకీ కాదు, గోడలో వైరుకి. ఒకటిన్నర వైరుకి 10 ఆంపియర్లది, రెండున్నర వైరుకి 16, నాలుగు వైరుకి 20 లేదా 25. ఇళ్లల్లో వైర్‌మన్లు పెట్టేవి ఇవే. పదహారు తీసి ముప్పై రెండు పెడితే రెండున్నర వైరు ముప్పై ఆంపియర్లు మోస్తూ వేడెక్కుతున్నా ఎవరూ ఆపరు. షార్ట్ అయినప్పుడూ తేడా ఉంది. మేం అమ్మే వాటిలో ఎక్కువ సీ రకం. దాని మీద రాసిన అంకెకి ఐదు నుంచి పది రెట్ల మధ్య కాయిలు కొడుతుంది. పదహారుది 160 లోపే కొట్టేస్తుంది. ముప్పై రెండుది 320 దాకా చూస్తూ కూర్చోవచ్చు. టేబుల్ ఫ్యాను వైరు ఎంత సన్నమో తెలుసు కదా. దాని చివర షార్ట్ అయితే రెండొందలే వచ్చిందనుకోండి, ఈ కాపలావాడు లేచేలోపు ఆ వైరు మంచం కింద వత్తిలా అంటుకుంటుంది. బలహీనమైనది ఏదో అదే ఫ్యూజవుతుంది.

ఈ తప్పు మా పుట్టింట్లోనే జరిగింది. సోంపేట దగ్గర పల్లె, పెంకుటిల్లు, కిట్‌క్యాట్ ఫ్యూజులు. మా చెల్లెలి పెళ్లికి సీరియల్ లైట్లు, సౌండ్ బాక్సులు పెట్టారు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మా తమ్ముడు ఫ్యూజు వైరు పీకేసి, తెగిపోయిన సర్వీసు వైరులోంచి మూడు పోగులు మెలిపెట్టి బిగించాడు. పెళ్లి బాగా జరిగింది. ఆ పోగుల మాట అందరం మరిచిపోయాం. ఎనిమిది నెలలకి అటక మీద ఎలక వైరు కొరికింది. అటక మీదేమో జీడిపిక్కల బస్తాలు. పిక్క తొక్కులో నూనె ఎలా మండుతుందో ఉద్దానంలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. రెండు బస్తాలు, ఒక దూలం కాలాయి. మనుషులు వాకిట్లో పడుకున్నారు కాబట్టి బతికారు. పొద్దున్న మా ఆయన వెళ్లి ఫ్యూజు పీకి చూస్తే మూడు పోగులూ చెక్కుచెదరలేదు. ఆ మెలిక కూడా డబ్బాలోనే ఉంది. ఫ్యూజు వైరు ఎవరు అడిగినా ముందు ఏ పాయింటుకని అడుగుతాను. లైటు లైనుకి సన్నది, పవరు లైనుకి లావుది. రెండు పోగులు కలిపి పెడతామంటే గల్లాలోంచి డబ్బులు తీసి తిరిగిచ్చేస్తాను.

నిప్పు కనబడితే నీళ్ల బిందె వైపు పరిగెత్తకండి. మెయిన్ అందితే కట్టండి, అందకపోతే మనుషుల్ని బయటికి తెచ్చి 101కి ఫోన్ చెయ్యండి. కరెంటు ఆగిందని తెలిసేదాకా పొడి ఇసకో, పౌడరు సిలిండరో తప్ప నీళ్లు వద్దు. లోపం స్తంభం దగ్గరో సర్వీసు వైరు దగ్గరో ఉంటే కరెంటు వాళ్ల నంబరు 1912కి చెయ్యండి. కర్రతో కదిపి చూడటాలూ అవీ వద్దు.

తుఫాను మాటొకటి చెప్పకపోతే మా వైపు వాళ్లకి ఇది సగం కూడా కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి చెట్లతో పాటు స్తంభాలూ పడి చాలా ఊళ్లలో రోజుల తరబడి చీకటి. కరెంటు వచ్చిన వారమే నా డబ్బాలో సామాను రెట్టింపైంది. తడి బోర్డులు ఆరకముందే అందరి మెయిన్లూ వేసే ఉన్నాయి మరి. గాలివాన మొదలవగానే మెయిన్ కట్టేయండి, లోపలి ఎంసీబీలన్నీ కిందికి దించండి. కరెంటు వచ్చిందని వీధిలో తెలిశాక కూడా, తడిసిన బోర్డులుంటే వైర్‌మన్ చూసేదాకా ఆ లైను వేయొద్దు. మిగతావి ఒక్కొక్కటే. ఆ రోజుల్లో ఒకాయన జనరేటరు వైరుకి రెండువైపులా పిన్నులున్న ప్లగ్గు బిగించివ్వమన్నాడు, గోడ సాకెట్లో గుచ్చి ఇల్లంతా వెలిగిద్దామని. అలా గుచ్చితే కరెంటు మీ ఇంట్లోంచి వీధి లైనులోకి ఎదురెక్కుతుంది. పైన స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. తిట్టి పంపించాను. ఆయన మళ్లీ మా కొట్టుకి రాలేదు, ఫరవాలేదు.

కుర్రాడు వట్టి చేతులతోనే వెళ్లాడు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, అన్నీ పీకేశాను, నిలబడింది. ఒక్కోటీ పెట్టాను. అన్నీ పెట్టినా పడట్నేదు."

"అయితే సాయంత్రం మీ ఇంట్లో ఏటి జరుగుతుంది? పొద్దున్న జరగనిది?"

కాసేపు ఆలోచించాడు. "ఏటీ లేదమ్మా. మా నాన్న బట్టీ నుంచొచ్చి మంచం మీద పడుకుంటాడు, ఫ్యానేసుకుని."

"మంచం కోళ్ల కింద చూడు. ఫ్యాను ప్లగ్గు పీకి చూడు."

ఫోను పెట్టెయ్యకుండానే చూశాడు. ఇనప మంచం కోడు సరిగ్గా ఫ్యాను వైరు మీదుంది. మనిషి లేనప్పుడు కోడు తేలికగా ఆనుతుంది, తొడుగు తెగినా పోగులు తగలవు. మనిషి పడుకోగానే నొక్కుకుని ఫేజూ న్యూట్రలూ కలుస్తున్నాయి. ఆ ఇనప మంచం మీదే పడుకుని ఉన్నాడు ముసలాయన, మూడు రోజులుగా.

మర్నాడు వచ్చి మూడు మీటర్ల ఫ్లెక్సిబుల్ వైరు, ఒక ప్లగ్గు పట్టుకెళ్లాడు. పాత వైరుకి టేపు చుట్టేస్తే సరిపోదా అన్నాడు, సరిపోదన్నాను. కోడు గుర్తు పడ్డ ముక్కని అడిగి ఉంచుకున్నాను. అంగుళం మేర నొక్కుకుపోయి, మధ్యలో ఆవగింజంత నల్లచుక్క. డబ్బాలో బల్లి పక్కన ఉంది.